ఒకే గ్రిడ్, పదిమంది కాపలాదారులు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడమ్ గారు కబురు చేసేనాటికి నేను ఎంటెక్ ప్రాజెక్టు పనిలో మునిగి ఉన్నాను. ఈ సంచికలో పూర్వ విద్యార్థినులు సాధారణంగా పోటీ పరీక్షలకు ఎలా చదవాలో రాస్తారు. నేనూ అదే రాద్దామనుకున్నాను. కానీ పోయిన సంక్రాంతి సెలవులకు ముందు నేను హాస్టల్‌కు వచ్చిన రోజు సాయంత్రం స్టడీ అవర్‌లో కరెంటు పోయింది. పదో తరగతి చెల్లెళ్లు నన్ను చుట్టుముట్టి, "అక్కా, నువ్వు కరెంటు చదువే కదా చదువుతున్నావు, ఎందుకు పోయిందో చెప్పు" అన్నారు. ఎక్కడో తీగ మీద కొమ్మ పడి ఉంటుందన్నాను. వాళ్లలో ఒకమ్మాయి, "సినిమాల్లో చూపిస్తారు కదక్కా, ఎవడో ఒకడు కంప్యూటర్ ముందు కూర్చుని ఊరంతా కరెంటు తీసేస్తాడు. నిజంగా అలా అవుతుందా?" అని అడిగింది. "అవుతుంది, ఒక దేశంలో అయింది కూడా" అని మొదలుపెట్టేలోపే కరెంటు వచ్చేసింది. అందరూ పుస్తకాల దగ్గరికి వెళ్లిపోయారు. అప్పుడు సగంలో ఆగిన జవాబే ఈ వ్యాసం.

అయితే నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది కంప్యూటర్ దొంగల గురించి కాదు. వాళ్లను ఆపడానికి ప్రభుత్వాలు డబ్బు పెట్టి పరిశోధనలు చేయిస్తున్నాయి. ఆ పరిశోధన ఒకచోట జరగదు, ముక్కలు ముక్కలుగా పది చోట్ల జరుగుతుంది. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరకపోతే ఏమవుతుంది, చేర్చడానికి ఏం చేస్తున్నారు అన్నదే అసలు విషయం. ఉదాహరణలు ఎక్కువగా అమెరికావి ఇస్తున్నాను. అక్కడ ఈ పని ఇరవై ఏళ్లకు పైగా సాగుతోంది. వాళ్ల తప్పులూ ఒప్పులూ కూడా నివేదికల్లో చదువుకోవచ్చు.

గ్రిడ్ అంటే

విద్యుత్ కేంద్రం దగ్గర నుంచి మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ వరకు అన్నీ కలిసిన ఒకే పెద్ద యంత్రం గ్రిడ్. కరెంటును బియ్యంలా గోదాములో పోసి ఉంచలేం. బ్యాటరీలు వచ్చాయి గానీ మొత్తం వాడకం ముందు వాటి నిల్వ చాలా తక్కువ. కాబట్టి ఏ క్షణంలో ఎంత వాడుతున్నామో ఆ క్షణంలో అంతా తయారు కావాలి. లెక్క సరిపోతోందా లేదా అని చెప్పేది ఫ్రీక్వెన్సీ. భౌతికశాస్త్రంలో పౌనఃపున్యం అని చదువుకున్నామే, అదే. మన దేశంలో అది 50 హెర్ట్జ్. 49.90కి తగ్గకుండా, 50.05కి మించకుండా చూడాలని నియమం. గ్రిడ్‌కు కలిపిన పెద్ద జనరేటర్లన్నీ ఆ ఒక్క తాళానికే తిరుగుతాయి.

2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకటైపోయింది. రెండో రోజు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయి 60 కోట్ల మందికి పైగా ఇబ్బంది పడ్డారు. మనకు ఏమీ కాలేదు. ఎందుకంటే అప్పటికి దక్షిణ గ్రిడ్ వేరుగా ఉండేది. మిగతా దేశంతో డైరెక్ట్ కరెంటు లింకుల ద్వారా మాత్రమే ఇచ్చిపుచ్చుకునేది, తాళం వేరే. 2013 డిసెంబరు 31న రాయచూరు, సోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైను కలపడంతో మనమూ ఆ పెద్ద యంత్రంలో భాగమయ్యాం. అందువల్ల మేలే ఎక్కువ. ఇక్కడ కొరత ఉంటే అక్కడి నుంచి వస్తుంది. కానీ అక్కడి కుదుపు ఇక్కడిదాకా వచ్చే దారి కూడా అదే.

ఇంత పెద్ద యంత్రాన్ని మనుషులు ఫోన్లలో మాట్లాడుకుంటూ నడపడం ఎప్పుడో దాటిపోయింది. ఎక్కడెక్కడి సబ్‌స్టేషన్ల కొలతలు కంట్రోల్ రూమ్ తెర మీదికి వస్తాయి. అక్కడ మౌస్ నొక్కితే వంద కిలోమీటర్ల దూరంలో బ్రేకర్ తెరుచుకుంటుంది. ఈ ఏర్పాటును స్కాడా అంటారు. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఒహాయో రాష్ట్రంలోని ఒక కంట్రోల్ రూమ్‌లో అలారం సాఫ్ట్‌వేర్ నోరు మూసుకోవడం దానికున్న కారణాల్లో ఒకటి. చెట్లకు తగిలి లైన్లు ఒక్కొక్కటే పడిపోతుంటే ఆపరేటర్లకు గంటకు పైగా ఆ సంగతే తెలియలేదు. అది ఎవరో చేసిన దాడి కాదు, ప్రోగ్రాంలో ఉన్న లోపం. పొరపాటుకే ఇంత జరిగితే కావాలని చేస్తే ఎంత జరగాలి అన్న భయం అక్కడి ప్రభుత్వానికి గట్టిగా పట్టుకున్నది ఆ తర్వాతే.

మా మామయ్య, ఎల్‌సీ

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా మేనమామ ఒక కాంట్రాక్టరు కింద లైన్ల పనికి వెళ్లేవాడు. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకోవాలి. ఆపరేటర్ ఫీడర్ ఆపి, రిజిస్టర్‌లో రాసుకుని, సరే ఎక్కండి అంటాడు. పని అయ్యాక ఎల్‌సీ తిరిగి ఇస్తే తప్ప లైను ఛార్జ్ చేయకూడదు. ఆ రోజు ఒకే ఫీడర్ మీద రెండు చోట్ల పని జరుగుతోంది. రెండు ముఠాలూ ఎల్‌సీ తీసుకున్నాయి. మధ్యలో షిఫ్టు మారింది. మొదటి ముఠా ఎల్‌సీ తిరిగి ఇచ్చింది. కొత్తగా వచ్చిన ఆపరేటర్ పని అయిపోయిందనుకుని లైను ఛార్జ్ చేశాడు. మామయ్య ఇంకా స్తంభం మీదే ఉన్నాడు. ప్రాణం దక్కింది, కుడి చెయ్యి మోచేతి కింద తీసేశారు. తర్వాత చూస్తే రెండు ఎల్‌సీలూ రిజిస్టర్‌లోనే ఉన్నాయి. ఒకటి ఆ పేజీలో, ఒకటి వెనక పేజీలో.

నేను ఎలక్ట్రికల్ తీసుకోవడానికి ఇదే కారణమని ఇంట్లో అందరూ అనుకుంటారు. నిజానికి ఆ ర్యాంకుకు వచ్చిన సీటు అది. కానీ చదివేకొద్దీ ఆ వెనక పేజీయే నాకు అన్నిచోట్లా కనిపిస్తూ వచ్చింది.

అరోరా ప్రయోగం

తాడాట ఆడినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇద్దరు తాడు తిప్పుతుంటే మూడో అమ్మాయి సరైన క్షణం చూసుకుని లోపలికి దూకాలి. లయ తప్పితే తాడు కాళ్లకు ఫెళ్లున తగులుతుంది. జనరేటర్‌ను గ్రిడ్‌కు కలపడం కూడా అంతే. రెండింటి లయ కలిసిన క్షణంలోనే బ్రేకర్ మూయాలి. తప్పుడు క్షణంలో మూస్తే గ్రిడ్ బలమంతా ఒక్కసారిగా ఆ జనరేటర్‌ను తన లయలోకి ఈడుస్తుంది, ఇరుసు మెలితిరుగుతుంది.

2007 మార్చిలో అమెరికాలోని ఐడహో నేషనల్ లేబొరేటరీలో సరిగ్గా ఇదే చేసి చూశారు. 2.25 మెగావాట్ల డీజిల్ జనరేటర్‌ను గ్రిడ్‌కు కలిపారు. దాన్ని కాపాడాల్సిన రిలేనే కంప్యూటర్ ఆదేశాలతో మార్చి, బ్రేకర్‌ను తెరిచి తప్పుడు క్షణంలో మూసేలా చేశారు. రిలే అంటే మన ఇంట్లో ఎంసీబీకి పెద్దన్న అనుకోండి. ప్రతి దెబ్బకూ జనరేటర్ ఎగిరిపడింది, రబ్బరు ముక్కలు ఊడి పడ్డాయి, పొగ వచ్చింది, కొద్ది నిమిషాల్లో యంత్రం పాడైపోయింది. ఎవరూ దాన్ని చేత్తో తాకలేదు, బాంబు పెట్టలేదు. కంప్యూటర్ ఆదేశంతో ఇనుమును విరగ్గొట్టవచ్చని అలా రుజువైంది. ఆ ఏడాది సెప్టెంబరులో ఆ వీడియో సీఎన్ఎన్ టీవీలో వచ్చింది.

రుజువైన సంగతి ఎవరికి తెలియాలి? ప్రయోగం చేయించింది హోంలాండ్ సెక్యూరిటీ శాఖ. లేబొరేటరీ ఇంధన శాఖది. గ్రిడ్ భద్రతా నియమాలు రాసేది నెర్క్ అనే సంస్థ, వాటిని ఆమోదించేది ఫెర్క్ అనే కమిషన్. సాంకేతిక ప్రమాణాలు తయారుచేసేది వాణిజ్య శాఖ కింద ఉండే నిస్ట్. విశ్వవిద్యాలయాల్లో మౌలిక పరిశోధనకు నిధులిచ్చేది నేషనల్ సైన్స్ ఫౌండేషన్. ఇక జనరేటర్ల సొంతదారులు చూస్తే దేశమంతా కలిపి దాదాపు 3,000 విద్యుత్ సంస్థలు. కొన్ని ప్రైవేటువి, కొన్ని మునిసిపాలిటీలవి, కొన్ని రైతుల సహకార సంఘాలవి.

అరోరా వివరాలు రహస్యం కిందికి వెళ్లాయి. ఇది మరీ అన్యాయం కూడా కాదు, ఇంటి తాళం ఎలా పగులుతుందో గోడ మీద అంటించం కదా. కానీ ఇంటివాడికైనా చెప్పాలి. విద్యుత్ సంస్థలకు 2007లో ఒక సలహా వెళ్లింది. అందులో ఉన్నది చదివి ఏం చేయాలో చాలామందికి తెలియలేదు. 2010 అక్టోబరులో నెర్క్ మళ్లీ వివరంగా హెచ్చరిక పంపాల్సి వచ్చింది. మధ్యలో మూడేళ్లు పోయాయి.

దీనికి కొసమెరుపు 2014లో జరిగింది. గూగుల్ మీద జరిగి 2010లో బయటపడిన ఒక దాడికి ఆపరేషన్ అరోరా అని పేరు. దాని గురించి ఎవరో అక్కడి సమాచార హక్కు చట్టం కింద హోంలాండ్ సెక్యూరిటీ శాఖను అడిగారు. శాఖవారు పేరు చూసి, ఈ అరోరా కాగితాలు 800 పేజీలకు పైగా తీసి ఇచ్చేశారు! విద్యుత్ సంస్థలకు చెప్పడానికి మూడేళ్లు తటపటాయించిన సంగతి, అడగనివారి చేతికి అలా వెళ్లింది. నవ్వు వస్తుంది గానీ నాకు మాత్రం షిఫ్టు మారిన ఆపరేటర్ గుర్తొచ్చాడు.

కలిపి చేస్తే ఎలా ఉంటుంది

సమన్వయం అనగానే పెద్ద బల్ల చుట్టూ అధికారులు, సమోసాలు, టీ కప్పులు గుర్తొస్తాయి. అవి లేకుండా కుదరదేమో గానీ అవే సమన్వయం కాదు. నేను చదివినవాటిలో నాకు నచ్చిన ఉదాహరణ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానిది. 2005లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ గ్రిడ్ కంప్యూటర్ల భద్రత మీద అక్కడ ఒక కేంద్రానికి నిధులిచ్చింది. కోర్నెల్, డార్ట్‌మత్, వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయాలు అందులో కలిశాయి. ఇంధన శాఖ, హోంలాండ్ సెక్యూరిటీ శాఖ కూడా వేరే కేంద్రాలు పెట్టుకోకుండా ఇందులోనే డబ్బు వేశాయి. 2009లో మొదటి గ్రాంటు అయిపోతే ఇంధన శాఖ ముందుకొచ్చి కొనసాగించింది, 2015లో మళ్లీ కొత్త పేరుతో నడిచింది. పేర్లు మారినా ప్రయోగశాల పరికరాలు, పరిశోధక విద్యార్థులు, కంపెనీలతో పరిచయాలు చెదిరిపోలేదు. రిలేలు తయారుచేసేవాళ్లు, విద్యుత్ సంస్థలవాళ్లు ఏటా వచ్చి పిల్లలు చేస్తున్న పని చూసి, ఇది మా దగ్గర పనికొస్తుంది, ఇది రాదు అని మొహం మీదే చెప్పేవారు. నా మట్టుకు వందపేజీల ప్రణాళిక కన్నా ఆ మాట విలువైనది.

ప్రణాళికలు దండగ అని కాదు. 2006 జనవరిలో ఇంధన శాఖ ఆధ్వర్యంలో ప్రభుత్వమూ కంపెనీలూ కలిసి ఒక మార్గసూచి రాసుకున్నాయి. పదేళ్లలో ముఖ్యమైన నియంత్రణ వ్యవస్థలు దాడి జరిగినా పని ఆగకుండా నిలబడాలి అన్నది దాని లక్ష్యం. ఎవరు ఏ ప్రశ్న తీసుకున్నారో అందరికీ కనిపించడానికి అలాంటిది కావాలి. 2011లో దాన్ని తిరగరాశారు, గడువు 2020కి జరిగింది. గడువులు జరగడం మనకు కొత్తేమీ కాదు.

ఇద్దరు ఒకే పరిశోధన చేస్తే డబ్బు వృథా అని చాలా నివేదికల్లో రాస్తారు. నాకు అది పూర్తిగా ఒప్పుదల కాదు. హాస్టల్లో ఒకే లెక్కను ఇద్దరం వేరువేరుగా చేసి జవాబులు పోల్చుకునేవాళ్లం, తప్పులు అలాగే దొరికేవి. భద్రత విషయంలోనూ ఒకరి పరీక్షను ఇంకొకరు మళ్లీ చేసి చూడటం మంచిదే. నువ్వు చేస్తావని నేను, నేను చేస్తానని నువ్వు వదిలేసిన లెక్కే ప్రమాదం.

మనుషుల ద్వారా కూడా విషయం కదులుతుంది. ఐడహోలో అరోరా ప్రయోగానికి నాయకత్వం వహించినవారిలో మైఖేల్ అసాంటే ముఖ్యుడు. తర్వాత ఆయన నెర్క్‌లో భద్రతాధికారిగా చేరారు. నియమాలు వర్తించాలంటే ముందు కీలకమైన ఆస్తులు మీ దగ్గర ఏమున్నాయో చెప్పండని కంపెనీలను అడిగితే, ఉత్పత్తి సంస్థల్లో 29 శాతమే కనీసం ఒకటైనా ఉందని ఒప్పుకున్నాయి. ఉందని ఒప్పుకుంటే ఖర్చు పెట్టాలి మరి. 2009 ఏప్రిల్‌లో ఆయన ఈ లెక్క చెబుతూ, మళ్లీ చూసుకోండని అందరికీ ఉత్తరం రాశారు. ప్రయోగశాలలో పొగ చూసిన మనిషి నియమాల సంస్థలో ఉండబట్టి ఆ ఉత్తరం అంత సూటిగా వచ్చిందని నా అభిప్రాయం. 2019లో ఆయన చనిపోయారు.

ఉక్రెయిన్, ఆ తర్వాత

చెల్లెలు అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థల కంట్రోల్ రూముల్లోకి దాడిచేసినవాళ్లు కంప్యూటర్ల ద్వారా దూరారు. అంతకు కొన్ని నెలల ముందు ఉద్యోగులకు మామూలు ఈమెయిల్ అటాచ్‌మెంట్‌గా పంపిన వైరస్‌తో పని మొదలైంది. ఆ రోజు ఆపరేటర్ కళ్లముందే తెర మీద మౌస్ బాణం దానంతట అది కదులుతూ బ్రేకర్లను ఒక్కొక్కటే తెరిచింది. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. ఫిర్యాదు చేద్దామంటే కాల్ సెంటర్‌కు లైను దొరకకుండా దొంగ ఫోన్లు ముంచెత్తాయి. సిబ్బంది వాహనాల్లో సబ్‌స్టేషన్లకు పోయి చేత్తో బ్రేకర్లు వేసి, ఒకటి నుంచి ఆరు గంటల్లో కరెంటు తెచ్చారు. చేత్తో వేయడం తెలిసినవాళ్లు ఇంకా ఉండబట్టి సరిపోయింది.

ఈసారి అమెరికా నుంచి ఇంధన శాఖ, హోంలాండ్ సెక్యూరిటీ, ఎఫ్‌బీఐ, నెర్క్ వాళ్లు ఒకే బృందంగా ఉక్రెయిన్ వెళ్లారు. 2016 ఫిబ్రవరిలోనే ఏం జరిగిందో అందరూ చదివేలా బయటపెట్టారు. అరోరాకు మూడేళ్లు, దీనికి రెండు నెలలు. అంతవరకు మెరుగే.

కానీ ఒక ఖాళీ అలాగే ఉండిపోయింది. ఉక్రెయిన్‌లో దెబ్బతిన్నది పంపిణీ వ్యవస్థ, అంటే మన ఇళ్లకు కరెంటు తెచ్చే కింది అంచె. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ నియమాలు పెద్ద ఉత్పత్తి కేంద్రాలకు, పెద్ద లైన్లకు వర్తిస్తాయి. పంపిణీ సంగతి రాష్ట్రాలది. అందువల్ల ఆలోచన కూడా పెద్ద లైన్ల చుట్టూనే తిరిగింది. 2021 మార్చిలో వాళ్ల ప్రభుత్వ ఆడిట్ సంస్థ, మన కాగ్ లాంటిది, ఈ మాటే రాసింది. పంపిణీ వ్యవస్థలకు ఉన్న ముప్పును ఇంధన శాఖ ప్రణాళికలు పూర్తిగా పట్టించుకోలేదని తేల్చింది. ఇంటి పైకప్పు మీది సోలార్ ఇన్వర్టర్, కారు ఛార్జర్ కూడా ఇంటర్నెట్‌కు కలిసే రోజులివి, కింది అంచె వెనకటిలా మూగది కాదు. ఆ ఏడాదే వచ్చిన మౌలిక సదుపాయాల చట్టంలో ఇంధన రంగ సైబర్ పరిశోధనకు 25 కోట్ల డాలర్లు, గ్రామీణ సహకార సంఘాలు, మునిసిపల్ విద్యుత్ సంస్థల సైబర్ భద్రతకు ఇంకో 25 కోట్ల డాలర్లు కేటాయించారు. రెండోది నాకు ఎక్కువ ముఖ్యంగా తోస్తుంది. ఐడహోలో దొరికిన మందు చిన్న ఊరి సంఘానికి చేరాలంటే అక్కడ కొనే డబ్బు, వాడే మనిషి ఉండాలి.

మన దగ్గర

మనకూ సంస్థలకు కొదవలేదు. దేశం మొత్తానికి సెర్ట్-ఇన్ ఉంది. కీలక వ్యవస్థల కోసం 2014లో వేరే కేంద్రం పెట్టారు. విద్యుత్ రంగంలో ఉత్పత్తికి, ప్రసారానికి, పంపిణీకి విడివిడిగా సెర్ట్‌లు ఉన్నాయి. 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ సైబర్ భద్రతా మార్గదర్శకాలు ఇచ్చింది. పరికరాల పరీక్షకు బెంగళూరులో కేంద్ర విద్యుత్ పరిశోధనా సంస్థ, పరిశోధనకు ఐఐటీ కాన్పూర్‌లో స్కాడా ప్రయోగశాల ఉన్నాయి. మన పంపిణీ సంస్థల కంప్యూటర్లలోకి కూడా 2019లో డబ్బు గుంజే వైరస్ దూరింది. బిల్లులు, వెబ్‌సైట్లు ఇబ్బంది పడ్డాయి గానీ కరెంటు ఆగలేదు. ఆఫీసు కంప్యూటర్లు వేరు, బ్రేకర్లు నడిపే కంప్యూటర్లు వేరు అని ఉంచడం వల్ల వచ్చే లాభం అదే.

కాన్పూర్‌లో తెలిసింది మన మండలంలోని 33/11 కేవీ సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఎన్నాళ్లకు చేరుతుంది అన్నదే నా ప్రాజెక్టు నన్ను అడిగించిన ప్రశ్న. రిలేలలో నమోదయ్యే సంఘటనల రికార్డు చూసి, బ్రేకర్‌ను మనిషి తెరిచాడా, లోపం వల్ల తెరుచుకుందా, దొంగ ఆదేశమా అని గుర్తుపట్టే పద్ధతి మీద నేను పని చేస్తున్నాను. దానికి నిజమైన సబ్‌స్టేషన్ రికార్డులు కావాలి. ఒక ఆఫీసులో అడిగితే ఇది ఐటీ వాళ్లది అన్నారు. ఐటీ వాళ్లు ఇది ప్రొటెక్షన్ విభాగానిది అన్నారు. ఆ విభాగం పైనుంచి అనుమతి తెమ్మంది, పైవాళ్లు మొదటి ఆఫీసుకే రాయమన్నారు. ఎవరూ చెడ్డగా మాట్లాడలేదు, కుర్చీ వేసి టీ కూడా ఇచ్చారు.

ఇదంతా మామయ్యకు చెప్పాను. ఆయన ఎడమ చేత్తో బీడీ వెలిగించుకుంటూ మొత్తం విని, "మరి దూరం నుంచి ఎవడో లైను ఛార్జ్ చేయగలిగితే, స్తంభం మీదున్నోడికి ఎల్‌సీ ఎవరిచ్చినట్టమ్మా?" అని అడిగాడు. ఏబీ స్విచ్ తెరిచి తాళం వేసుకోవాలి, లైనుకు ఎర్త్ వేసుకోవాలి, అప్పుడు ఎవరు ఎక్కడి నుంచి నొక్కినా మనిషికి ఏమీ కాదు అన్నాను. "అది మాకు అప్పుడూ చెప్పారు. ఎర్త్ రాడ్లు ఇవ్వలేదంతే" అన్నాడు.

రికార్డుల కోసం పోయిన నెల నాలుగో ఉత్తరం పెట్టాను, ఈసారి నాలుగు ఆఫీసులకూ నకళ్లు పంపాను. జవాబు వస్తే వచ్చే ఏడాది సంచికలో రాస్తాను.